ఎండగట్టిన చెరువులో సజ్జ చేను

ఈ వారమే కథలో అడుగుపెట్టిన వారికి ముందు నాలుగు మాటలు చెప్పాలి. కొల్లేటి లోపలి చేపల చెరువుల గట్లు ప్రభుత్వం పగలగొట్టించిన మరుసటి వేసవి ఇది. ఆ చెరువుల మీద కాపలా ఉండే మత్తయికి ఒక్కపూటలో పని పోయింది. అతను దిగులుతో కొన్నాళ్ళు మంచానికి అతుక్కుపోతే, భార్య ప్రభావతి ఇంట్లో ఉన్న పాడిని పెంచుకుంటూ వచ్చింది. పాడి పెరిగింది కానీ మేత లేదు. వాళ్ళ ఊరు ఈదులంక చుట్టూ వరి పొలాలు చాలావరకు చెరువులైపోయాయి. మిగిలిన వాటిలో కోత మిషన్లు దిగి గడ్డిని తుక్కు చేసి పోతున్నాయి. అప్పుడామె ఊరికి పెద్దావిడ వెంకటనరసమ్మ గారి గుమ్మంలో నిలబడి, చేపలు పట్టేసి ఎండగట్టిన ఆవిడ చెరువు అడుగున పశువులకు సజ్జ వేసుకుంటానని అడిగింది. నవ్వనివాళ్ళు లేరు. అయినా ఆవిడ సరేనంది. ఆవిడ మేనల్లుడు సూర్యప్రకాశరావుకు మాత్రం అది మింగుడుపడలేదు. కొల్లేట్లో ఉన్నదంతా పోగొట్టుకున్న ఆయన, తన చెరువునూ పక్కనే ఉన్న మేనత్త చెరువునూ కలిపి ఒకటి చేసుకోవాలని చూస్తున్నాడు. సజ్జ పొట్టకు వచ్చింది. కోసి ఎండుమేత చేసుకునే రోజు రానే వచ్చింది. ఆ తెల్లవారే, సూర్యప్రకాశరావు దగ్గర పనిచేసే పాపారావు గేదె ఆ చేను అంచున కాళ్ళు బిగదీసి, నోట నురగతో చచ్చి పడి ఉంది. పోయిన వారం అక్కడ ఆగాం.

ప్రభావతి వెళ్ళేసరికి గట్టు మీద సగం ఊరు ఉంది.

ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. అదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది. తిట్టుకుంటే తిరిగి అనవచ్చు. వీళ్ళు చావు ఇంటికి వచ్చినట్టు నిలబడి, ఆమె రాగానే చూపులు తిప్పుకుని దారి ఇచ్చారు. గేదె తల దగ్గర పాపారావు గొంతుక్కూర్చుని ఉన్నాడు. తువ్వాలు ముఖం మీద కప్పుకున్నాడు. అతనికి ఉన్నదల్లా ఆ ఒక్క గేదే. దాని దూడకు ఇంకా పాలు మరపలేదు.

గేదె వెనక సజ్జ చేను నిలబడి ఉంది. చేపల మేతా కోళ్ళ ఎరువూ ఏళ్ళ తరబడి తిని నల్లగా బలిసిన చెరువు మట్టిలో ఒక్కో దుబ్బూ పిడికిట పట్టనంత లావు కట్టి, ఛాతీ ఎత్తున లేచింది. మిట్టమధ్యాహ్నం కూడా ఆకు వాలదు. పాత చేపల వలలు గుంజలకు కట్టి ఆమె చేనును ముక్కలు చేసుకుంది. ఒక ముక్కలో పశువులు మేస్తుంటే మరో ముక్క మళ్ళీ చిగిర్చేది. చివరి పెద్ద ముక్కను మేపకుండా ఎండుమేత కోసం ఉంచింది. తాడేపల్లిగూడెం నుంచి విత్తనాల సంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్న రోజున, "వరి పండే ఊళ్ళోకి మెట్ట పంట తెస్తున్నావా" అని కండక్టరు కూడా నవ్వాడు. ఈ రెండు నెలల్లో ఆ నవ్వులన్నీ అణిగిపోయాయి. పోయిన ఆదివారం చర్చి బయట రాజకుమారి చెయ్యి పట్టుకుని, "నాక్కూడా ఓ బండెడు మేత ఇవ్వవా ప్రభావతక్కా" అని అడిగింది. అలా అడిగినవాళ్ళు ఇంకా ఉన్నారు.

ఆ రాజకుమారే ఇప్పుడు జనంలోంచి ముందుకు వచ్చింది.

"ఏమీ అనుకోకక్కా. నాకు ఆ మేత వద్దులే," అంది. "మాది పిల్లలకు పాలిచ్చే గేదె."

"నాకూ వద్దమ్మా" అని వెనకనుంచి ఇంకెవరో అన్నారు.

ప్రభావతి తలూపింది.

మోటారు సైకిలు గట్టు కింద ఆగింది. సూర్యప్రకాశరావు చెప్పులు విడిచి, పంచె ఎత్తిపట్టుకుని పైకి వచ్చాడు. ఆయన కోపం వచ్చినప్పుడు కూడా గొంతు పెంచడు. ఊళ్ళో ఆయన మాటకు బరువు రావడానికి అదొక కారణం.

"చూడు ప్రభావతీ, నీ మీద నాకేమీ కోపం లేదు. కష్టపడే మనిషివి," అన్నాడు. "కానీ తెలియని పైరు తెచ్చి ఊళ్ళో వేసేవు. లేత చొప్ప మేస్తే పశువుకు నాము కొడుతుందని మా తాతగారి కాలం నుంచీ చెబుతూనే ఉన్నారు. తిన్న పూటే పడి చస్తుంది. ఇవాళ పాపారావు గేదె పోయింది. రేపు ఎవరిదో?"

"నాము లేత జొన్నలో ఉంటుందండి. ఇది జొన్న కాదండి, సజ్జండి."

"రెండూ చొప్పే కదమ్మా."

ప్రభావతి ఒక దుబ్బులోంచి బలమైన కర్రను విరిచింది. పైఆకు పొర ఒలిచి, లోపల ఇంకా బయటపడని లేత కంకిని చేతిలోకి తీసింది. "చూడండి. జొన్న కంకి గుత్తిలా ఉంటుంది. ఇది మన కొల్లేటి జమ్ము కంకిలా సన్నగా, నిలువుగా ఉంటుంది. సజ్జలో ఆ విషం ఉండదండి. గణపవరం పశువుల డాక్టరు గారు నాకు చెప్పే వేయించేరు."

కంకి చేతులు మారింది. చూసినవాళ్ళు తలలు ఊపారు కానీ ఎవరి ముఖమూ తేలికపడలేదు. ఊరంతా వరీ చేపలూ తప్ప వేరే ఎరగనివాళ్ళు. వాళ్ళకు ఏది జొన్నో ఏది సజ్జో చెప్పే గుర్తు ఒక్కటే, కళ్ళెదుట పడి ఉన్న గేదె.

"డాక్టరు గారికి ఫోను చేసేనండి," అంది ప్రభావతి. "దారిలో ఒక గేదె ఈత చూసుకుని వస్తానన్నారు."

"రానీ. కాదనను. ఈలోగా ఇంకో పశువు వల దాటి లోపల పడితే ఎవరు పూచీ? ఈ చేను ఈ పూటే దున్నించెయ్యాలి. అత్తయ్యకు కబురు పెట్టేను, వస్తున్నారు. ఆవిడే చెబుతారు."

వెంకటనరసమ్మ గారు గొడుగు వేసుకుని, గట్టు పొడవునా నెమ్మదిగా నడిచి వచ్చారు. ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేస్తే దాని వెన్ను మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు తప్ప కూర్చోలేదు. ముందు గేదెను చూశారు. తర్వాత పాపారావును. చాలాసేపు సజ్జ చేనును చూశారు.

ఆవిడ భర్త ఉన్న రోజుల్లో ఇది వరి పొలం. అందరూ తవ్వించారని తనూ చెరువు తవ్వించింది. నాలుగు పంటలు బాగానే వచ్చి, ఆ తర్వాత నీరు పాడై చేప నిలవలేదు. ఎండగట్టిన చెరువు బీటలు తీసి కళ్ళెదుటే పడి ఉంటే చూడలేకే ఆవిడ ప్రభావతికి ఇచ్చింది. ఇచ్చాక ప్రతి సాయంత్రం గట్టు మీదికి వచ్చి నిలబడేది. పశువులు ఆకు తెంపుతున్న చప్పుడు వినడానికి వస్తున్నానని ఒకసారి తనే చెప్పింది.

"ప్రభావతీ," అన్నారావిడ. "నీ మేత చంపిందా దీన్ని?"

"చంపలేదమ్మా."

"ఎలా చెప్పగలవు?"

ప్రభావతి మనసులో ఒక ముల్లు ఉంది. సజ్జలో నాము ఉండదు, అది నిజం. కానీ డాక్టరు గారు విత్తనం వేసే ముందే ఇంకొక మాట చెప్పారు. మట్టి మరీ బలిసింది, అన్నారు. ఎండకు పైరు చాలాకాలం బెట్టపడి, ఒక్కసారిగా వాన కురిస్తే, పీల్చుకున్న ఎరువు కర్ర అడుగున నిలిచిపోతుంది, అప్పుడు సజ్జ అయినా ప్రమాదమే, వాన తర్వాత కొన్నాళ్ళు ఆగి, కింద జానెడు వదిలి కొయ్యండి, అన్నారు. మొన్నామధ్య వాన పడింది. గాలివాన, గంట సేపు. ఆమె ఆగింది. సరిపోయినంత ఆగిందా?

ఈ ముల్లు గురించి చెబితే చేను ఈ క్షణమే పోతుంది. చెప్పకుండా మేత బాగుందని ఊరికి ఒట్టు పెడితే, రేపు రాజకుమారి గేదె పడిపోవచ్చు. గట్టు మీద నిలబడి ఎంత వాదించినా ఈ రెంటిలో ఏది నిజమో తేలదు.

"నోటితో చెబితే ఎవరూ నమ్మరమ్మా. నమ్మక్కర్లేదు కూడా," అంది ప్రభావతి. "సజ్జకు నాము లేదు. మొన్నామధ్య వాన పడింది కాబట్టి వేరే అనుమానం కొద్దిగా నాకూ ఉంది. దాచను. నా గేదెకు పెట్టలేని మేత ఇంకొకరి గేదెకు పెట్టను. కాసేపు ఆగండి."

ఆమె గట్టు దిగి ఇంటివైపు నడిచింది. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో పలుపు ఉంది, పలుపు చివర మాణిక్యం ఉంది.

మాణిక్యాన్ని ఊళ్ళో ఎరగనివాళ్ళు లేరు. కొమ్ములు చుట్టలు తిరిగి, ఒళ్ళు నూనె రాసినట్టు నిగనిగలాడే ముర్రా గేదె. ఆకివీడు పాల కేంద్రంలో దాని పాలు వేరే క్యాను. మత్తయి పని లేక కూర్చున్న రోజుల్లో ఆ ఇంటి పొయ్యి మీద అన్నం ఉడికిందంటే అది మాణిక్యం పెట్టిన అన్నం. దానికి బేరానికి వచ్చినవాళ్ళను ప్రభావతి మజ్జిగ ఇచ్చి పంపేసేది.

"అక్కా, వద్దు," అంది రాజకుమారి. "ఇంకోదాన్ని తోలుకురా. ఇంకా ఈనని ఆ పడ్డను తెచ్చుకో."

"పడ్డను తోలితే అది పరీక్ష ఎలా అవుతుంది రాజకుమారీ? పోయినా పర్వాలేదు అనుకున్నదాన్ని తోలినట్టవుతుంది."

సూర్యప్రకాశరావు మొదటిసారి ఇబ్బందిగా కదిలాడు. "ప్రభావతీ, పంతానికి పోకు. నేను నిన్ను ఇది చెయ్యమనలేదు."

"మీరు అనలేదండి. నేనే చేస్తున్నాను."

వల ముడి విప్పింది. మాణిక్యం పలుపు కూడా తీసేసింది. రాత్రి వరిగడ్డి తప్ప మరేమీ తినని గేదె, కమ్మని పచ్చి వాసన తగలగానే ముట్టె ఎత్తి ఒకసారి గాలి పీల్చి చేలోకి దూరింది. ఆకు తెగుతున్న చప్పుడు మొదలైంది. నాలుకతో దుబ్బును చుట్టి లాగడం, కరకర నమలడం, తోక అటూ ఇటూ కొట్టుకోవడం. అంతమంది నిలబడి ఒక గేదె మేయడం చూస్తూ ఉండిపోయారు. మాణిక్యం కొసలతో ఆగలేదు. రుచి తగిలిన చోట కర్ర మొదలు దాకా కొరికింది. కర్ర మొదట్లో పళ్ళు దిగినప్పుడల్లా ప్రభావతికి డాక్టరు గారు వదలమన్న జానెడు గుర్తొచ్చింది. అయినా వెళ్ళి అదిలించలేదు. తలెత్తి నిలబడింది.

ఆమె అమ్మ వేరేవాళ్ళ దొడ్లలో పేడ ఎత్తి పెంచింది ఆమెను. తన పేరు చెప్పి మేత అడిగే రోజు ఒకటి వస్తుందని అమ్మ కలలో కూడా అనుకుని ఉండదు. ఆ రోజు వచ్చింది. వచ్చినదాన్ని చేను అంచున పడి ఉన్న కళేబరానికి వదిలెయ్యడం ప్రభావతి వల్ల కాదు. గేదె పోతే పోతుంది. అప్పుడు తనే ముందు నిలబడి ఈ చేను దున్నిస్తుంది, ఇంకెవరూ అడగక్కర్లేకుండా.

ఎండ ముదిరింది. కొందరు తుమ్మ చెట్ల నీడకు జరిగారు. మత్తయి ఆకివీడులో పాలు పోసి, ఖాళీ క్యాన్లు సైకిలుకు వేలాడుతుండగా వచ్చి జనం వెనక నిలబడ్డాడు. ఎవరో చెవిలో సంగతి చెబుతుంటే తల వంచుకుని విన్నాడు. ప్రభావతి ఒకసారి అతనివైపు చూసింది. అతను చూపు కలపలేదు. మాణిక్యాన్ని తోలినందుకు కష్టంగా ఉందేమోలే అనుకుంది.

డాక్టర్ జయంత్ వచ్చేసరికి మాణిక్యం కడుపు నిండి, నిలబడి నెమరు వేస్తోంది.

ఆయన ఏలూరు మనిషి. గణపవరంలో ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. మోటారు సైకిలు ఆపుతూనే ముందు చచ్చిన గేదెను కాదు, చేలో నిలబడ్డ గేదెను చూశాడు. "ఎంతసేపయింది మేసి?" అని అడిగి, జవాబు వింటూనే చేలోకి దిగి, దాని పెదవి పైకెత్తి చిగుళ్ళు చూశాడు. కంటి రెప్ప విప్పి చూశాడు. పక్క మీద చెవి ఆనించి విన్నాడు. అంతా అయ్యాక ప్రభావతి దగ్గరికి వచ్చి, ఆమెకు మాత్రమే వినపడేలా అన్నాడు.

"చిగుళ్ళు గులాబీ రంగులో ఉన్నాయి. విషమైతే ఈపాటికి గోధుమ రంగుకు తిరిగేవి. బాగానే ఆగి కోతకు వచ్చారు మీరు. కానీ ప్రభావతి గారూ, ఇంత సాహసం చెయ్యకూడదండి."

"తెలుసండి," అంది.

అప్పుడాయన చొక్కా చేతులు మడిచి, చేతులకు తొడుగులు వేసుకుని చచ్చిన గేదె దగ్గర కూర్చున్నాడు. ఆడవాళ్ళు వెనక్కి జరిగారు. వెంకటనరసమ్మ గారు జరగలేదు. డాక్టరు కత్తితో కోసి రక్తం చూశాడు. ఎర్రగానే ఉంది. కడుపు సంచి కొయ్యగానే ఘాటు వాసన ఒకటి లేచింది. దగ్గరున్నవాళ్ళ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కుళ్ళు వాసన కాదది. ఆ వాసన ఊళ్ళో అందరికీ తెలిసినదే, ఎక్కడో రోజూ పీల్చేదే, కానీ ఇక్కడ ఎందుకుందో తట్టక ఒకరినొకరు చూసుకున్నారు.

"అమ్మోనియా," అన్నాడు డాక్టరు. గుప్పెడు మేత బయటికి తీసి గడ్డి మీద పరిచాడు. "చూడండి, ఇదంతా వరిగడ్డి. పచ్చి ఆకు ఒక్కటి లేదు. ఈ గేదె సజ్జ ముట్టుకోలేదు. యూరియా కలిపిన నీళ్ళు తాగింది. ఎండల్లో దాహానికి కనపడ్డ తొట్టిలో మూతి పెట్టి ఉంటుంది. తాగిన కాసేపటికే పోయి ఉంటుంది."

గట్టు మీద గాలి మారినట్టు అయింది. వరి కోసి నెలలైంది. ఈ ఎండాకాలం ఊళ్ళో ఏ పొలానికీ యూరియా పని లేదు. యూరియా నీళ్ళల్లో కలిపి పడవ మీంచి చల్లేది చేపల చెరువుల్లోనే. ఈ ఎండల్లో నీళ్ళు నిండి ఉన్న చెరువు చుట్టుపక్కల ఒక్కటే, గట్టుకు అవతల సూర్యప్రకాశరావుది. ఎవరూ చెయ్యి చూపించలేదు. అందరి తలలూ అటే తిరిగాయి.

"తొట్లు అందరికీ ఉంటాయి," అన్నాడు సూర్యప్రకాశరావు. "ఎక్కడ తాగిందో ఎవరు చూశారు? వచ్చి పడింది మాత్రం ఇక్కడే కదా."

డాక్టరు గేదె పక్కన మోకాళ్ళ మీద వంగి, ఒక పక్క వెంట్రుకలు రాసుకుపోయిన చోటు చూపించాడు. వెనక కాళ్ళ మీద తాడు ఒరిపిడి కూడా ఉంది. "వచ్చి పడలేదండి. యూరియాతో చచ్చే గేదె గిలగిలా కొట్టుకుంటుంది, చుట్టూ నేల గుల్లవుతుంది. ఇక్కడ ఒక్క సజ్జ మొక్క వంగలేదు. చచ్చాక లాక్కొచ్చి పెట్టారు."

పాపారావు ముఖం మీంచి తువ్వాలు తీశాడు.

"తొట్టిలో యూరియా నేనే కలిపేనండి," అన్నాడు. ఎవరివైపూ చూడలేదు, చచ్చిన గేదెకు చెబుతున్నట్టు చెప్పాడు. "పొద్దున్నే చల్లాలని సాయంత్రమే కలిపి ఉంచేను. మూత పెట్టలేదు. నా గేదే పలుపు తెంపుకుని వచ్చి తాగుతుందని అనుకోలేదండి. చూసేసరికి తొట్టి పక్కన పడిపోయి ఉంది. బాబుగారికి ఫోను చేసేను."

"ఏమన్నాడు?" అని అడిగారు వెంకటనరసమ్మ గారు.

"'అది నా గట్టు మీద ఎందుకుంది పాపారావూ' అన్నారండి. అంతే అన్నారు. ఇంకేమీ అనలేదు."

"నేను లాగమని చెప్పలేదు," అన్నాడు సూర్యప్రకాశరావు. అది నిజమే. నిజమని తెలిసే అన్నాడు. కానీ అన్నాక ఆయనకే ఆ మాట చేదుగా తగిలినట్టుంది, పంచె అంచు చూసుకుంటూ ఉండిపోయాడు.

వెంకటనరసమ్మ గారు కుర్చీ వెన్ను వదిలి రెండడుగులు ముందుకు వచ్చారు.

"సూర్యం, కొల్లేట్లో నీకు నష్టం జరిగింది. కాదనను. నా దగ్గరికి వచ్చి ఈ జాగా అడుగు, మళ్ళీ అడుగు. అడిగినన్నిసార్లూ లేదంటాను, నువ్వూ విసుక్కోకుండా అడుగు. మేనత్తా మేనల్లుళ్ళ మధ్య అది తప్పు కాదు. కానీ నా చేలో చచ్చిన పశువును చూపించి నన్ను భయపెట్టకు."

అక్కడున్న వాళ్ళలో ప్రభావతి ఒక్కతే ఆ మాట పట్టుకుంది. ఇన్నాళ్ళూ ఆవిడ దీన్ని చెరువు అనే అనేది. ఎండిపోయినా చెరువే, సజ్జ మొలిచినా చెరువే. ఇవాళ నా చేను అంది.

సూర్యప్రకాశరావు గట్టు దిగాడు. మోటారు సైకిలు స్టార్టు చెయ్యకుండా కొంతదూరం నెట్టుకుంటూ పోయాడు.

"కోత ఎప్పుడు ప్రభావతీ?" అన్నారు వెంకటనరసమ్మ గారు.

"ఇవాళేనమ్మా. కంకి బయటపడితే కర్ర గట్టిపడిపోతుంది, పశువు వదిలేస్తుంది. ఇవాళ కోసి ఈ ఎండకు పరిస్తే, మధ్యలో ఒకసారి తిరగేసుకుంటే, ఆకు రాలకుండా పచ్చగానే ఆరుతుంది. వానాకాలం అంతా వస్తుంది."

"అయితే ఇంకా నిలబడ్డావేం?"

నవ్వు ఒకటి జనంలో చిన్నగా పాకింది. రాజకుమారి కొంగు బొడ్లో దోపుకుంది. "నా కొడవలి ఇంట్లో ఉంది, తెచ్చుకుంటాను. నా బండెడు మేత నాకు ఉంచు అక్కా. పొద్దున్న అన్న మాట మర్చిపో."

"మర్చిపోను," అంది ప్రభావతి. "గేదె బాగుండాలనే కదా అన్నావు. అలా ఆలోచించనివాళ్ళకు నేను మేత ఇవ్వను."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె ఒళ్ళంతా తేలికైపోయింది. పెళ్ళినాడు కూడా ఇంతమంది మధ్య ఇంత నిటారుగా నిలబడలేదు. మాణిక్యం చేలోంచి తనంతట తనే బయటికి వచ్చి ఆమె భుజానికి ముట్టె రాసింది. దాని ఊపిరి నిండా సజ్జ వాసన.

పాపారావు అక్కడే కూర్చుని ఉన్నాడు. అందరూ అతన్ని దాటుకుని పోతున్నారు. ప్రభావతి వెళ్ళి అతని ఎదురుగా కూర్చుంది.

"లే పాపారావూ. దీన్ని పాతిపెట్టాక, దూడను మా దొడ్లోకి తోలుకురా. మాణిక్యం దగ్గర పాలు తాగడానికి వదులుదాం. ఆకలికి చస్తుంది అది."

పాపారావు ఆమె ముఖంలోకి చూసి గబుక్కున చూపు దించేసుకున్నాడు. అంతదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

"ఆ మాట అనకక్కా. నాకు దూడను మీ దొడ్లోకి తోలే మొహం లేదు. నేనొక్కణ్ణీ అయితే నీ కాళ్ళు పట్టుకునేవాణ్ణి."

"ఒక్కడివీ కాదా?"

"ఇంత గేదెను మనుషులు లాగలేరు కదక్కా. దున్నలు కట్టాలి."

ప్రభావతి చెయ్యి మాణిక్యం మెడ మీద ఆగిపోయింది. ట్రాక్టర్లు వచ్చాక ఈదులంకలో దున్నపోతుల జత మిగిలింది ఒకే ఒక్క ఇంట్లో. వాటిని తెల్లవారుజామున బండికి కట్టేది ఒకే ఒక్క మనిషి. అతను కాక ఇంకెవరు కాడి వేసినా అవి అడుగు కదలవు.

ఆమె లేచి నిలబడి వెనక్కి తిరిగింది. మత్తయి సైకిలు పట్టుకుని అక్కడే ఉన్నాడు. ఖాళీ క్యాన్లు ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగుతున్నాయి.

"నేనే ప్రభావతీ," అన్నాడు.

రాజకుమారి వాళ్ళు కొడవళ్ళతో గట్టు ఎక్కుతున్నారు. వెంకటనరసమ్మ గారు చూస్తున్నారు. డాక్టరు చేతులు కడుక్కుంటున్నవాడు నీళ్ళ చెంబు వంచడం ఆపాడు. ఇందాక తలెత్తుకున్న చోటే, అందరి ఎదుటా, తల దించుకోవలసిన క్షణం అది. ప్రభావతి తల దించలేదు. కొంగు నడుముకు బిగించి కట్టుకుంది. గట్టున పెట్టిన కొడవలి తీసుకుంది.

"ఏవండీ, ఎండ ఉన్నప్పుడే చేను కొయ్యాలి," అంది. గొంతులో కోపం లేదు, కన్నీళ్ళూ లేవు. "మీరెందుకు చేశారో చేను కోసినాక వింటాను. సాయంత్రం ఇంటి దగ్గర చెబుదురు గాని."

చేలోకి దిగింది. మొదటి దుబ్బును ఎడమ చేత్తో ఒడిసిపట్టి, కింద జానెడు వదిలి కొడవలి ఆనించింది.

వెనకనుంచి మత్తయి గొంతు వినపడింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి, ఇప్పుడూ గట్టిగా మాట్లాడలేదు.

"సాయంత్రానికి నేను ఈ ఊళ్ళో ఉండను ప్రభావతీ. ఉండకూడదని నా చేత ఒట్టు వేయించుకున్న మనిషి సూర్యప్రకాశరావు గారు కాదు."

కొడవలి దుబ్బు మీద ఆని ఉంది. దుబ్బు ఇంకా తెగలేదు.